ఈడిత్ కట్టిన చివరి లెక్క

"మీ ఆవిడ పోయిన టైముకి మీరెక్కడున్నారని నేనడగడం లేదు," అంది బెర్నడెట్ జలెస్కీ. "అది ఊరంతా చెప్తోంది. అక్కడ ఎందుకున్నారో చెప్పండి."

గ్లెన్ ఆస్ట్రాండర్ వంటింటి బల్లకి అవతల కూర్చుని కాఫీ కప్పుని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. తాగడం లేదు. యాభై ఆరేళ్ళ మనిషి, ఒక రంగుల కంపెనీలో పద్దుల విభాగానికి అధిపతి. భార్య పోయి రెండు రోజులైంది. గడ్డం నున్నగా గీసి ఉంది, చొక్కా మడత నలగలేదు. బెర్నడెట్ రెండూ గమనించింది కానీ రెండింటినీ పక్కన పెట్టింది. ఏడుపు ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుందని కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసులో డిటెక్టివ్‌గా ఇరవై మూడేళ్ళ ఉద్యోగం ఆమెకి నేర్పింది.

శుక్రవారం, డిసెంబరు ఇరవై తొమ్మిది. గోడ గడియారంలో పది అయిదు.

"పన్ను కట్టడానికెళ్ళాను," అన్నాడు గ్లెన్. "నాతో పాటు మూడొందల మంది. మీరు పేపరు చదవరా? ఇన్నాళ్ళూ రాష్ట్రానికి కట్టిన పన్నూ, ఊరికి కట్టిన ఇంటి పన్నూ మొత్తం కేంద్రానికిచ్చే ఫెడరల్ రిటర్న్‌లో ఆదాయంలోంచి తీసేసుకున్నాం. వచ్చే ఏడాది నుంచి ఎంత కట్టినా పదివేల డాలర్లే తీసుకోనిస్తారట. న్యూజెర్సీలో పదివేలు ఏ మూలకి? ఈ ఇంటి పన్నే ఇరవై నాలుగు వేలు. కొత్త సంవత్సరం కిస్తీలు రెండూ ఈ నాలుగు రోజుల్లో కట్టేస్తే పాత లెక్కలో పోతాయి. అందుకని జనం ఎగబడ్డారు. నేనూ వెళ్ళాను. నేరమా?"

"ఎన్నింటికి?"

"బుధవారం పొద్దున తొమ్మిదింటికి. రసీదు మీద పన్నెండు నలభై ఒకటని ముద్ర ఉంది. నా ముందు మా చర్చిలో ఆర్గాన్ వాయించే ఆయన. వెనక మందుల షాపావిడ. వాళ్ళని అడగండి."

"అడిగాను. మీరు ఒక్క నిమిషం కూడా పక్కకి పోలేదట. పన్నెండు మందికి కాఫీ తెప్పించారట. ఆర్గాన్ ఆయన చెప్పాడు, పదకొండేళ్ళలో మీరు తనని పలకరించడం అదే మొదటిసారని."

బెర్నడెట్ నోటుబుక్కు తిప్పింది. "పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి ఈడిత్ తన చెల్లెలు ఐరిస్‌తో ఫోన్లో మాట్లాడుతూ, ఎవరో తలుపు కొడుతున్నారు, ఇంకో పన్ను బిల్లు అయ్యుంటుంది, మళ్ళీ చేస్తానని పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు. పదకొండుకీ పన్నెండుకీ మధ్య పోయిందని డాక్టరు చెప్పాడు. ఒంటిగంట అయిదుకి మీరు ఇంటికొచ్చారు. కింద సెల్లార్ మెట్ల దగ్గర ఆవిడ మెడ విరిగి పడి ఉంది. ఒంటిగంట ఎనిమిదికి ఫోన్ చేశారు. ఎవరికి?"

"పోలీసులకి."

"కాదు. ఎమర్జెన్సీ నంబరుకి చెయ్యలేదు. ఊరి పోలీసు లెఫ్టినెంట్ హోరాక్ సొంత ఫోన్‌కి చేశారు."

"డ్వెయిన్ నా స్నేహితుడు. ఆ కంగారులో ఆ నంబరే తోచింది."

"సరే." బెర్నడెట్ తన సంచిలోంచి నీలం రంగు ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. గ్లెన్ దాన్ని చూసిన చూపులో ఆమెకి మొదటిసారి ఏదో కదిలినట్టనిపించింది. అది ఈడిత్ ఫైలు. పెళ్ళికి ముందు బ్యాంకులో పనిచేసిన మనిషి ఈడిత్. ప్రతి వసంతంలోనూ వంటింటి పక్క గదిలో కూర్చుని వీధిలో సగం మంది రిటర్నులు ఆవిడే రాసిపెట్టేది. ఈ వారం ఆ గదికి తెరిపి లేదు. ముందుగా కట్టాలా, మానాలా అని బిల్లులు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు.

"ఇది మీ ఇద్దరిదీ, కిందటేడు రిటర్ను. రెండో పేజీ, నలభై అయిదో గడి. పదకొండు వేల మూడొందల ఆరు డాలర్లు. ఏమిటండీ ఇది?"

"అదనపు పన్ను."

"దానికో పేరుంది."

"మీకు తెలిస్తే మీరే చెప్పండి."

"ప్రత్యామ్నాయ కనీస పన్ను. నేను పదేళ్ళు ఆర్థిక నేరాల విభాగంలో చేశాను, తప్పుంటే దిద్దండి. ఆదాయం బాగా ఉన్నవాళ్ళకి ఫెడరల్ వాళ్ళు రెండోసారి ఇంకో లెక్క కడతారు. ఆ లెక్కలో రాష్ట్రం పన్నూ ఇంటి పన్నూ ఒక్క సెంటు కూడా తీసేసుకోనివ్వరు. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే కట్టాలి. మీరు నాలుగేళ్ళుగా ఆ రెండో లెక్కలోనే ఉన్నారు. ఈ ఏడాదీ అంతే. అంటే ఇంటి పన్ను ముందు కట్టినా, వెనక కట్టినా, ఈ ఏడాది మీకు కలిసొచ్చేది సున్నా."

గ్లెన్ కప్పు కింద పెట్టాడు.

"అందరూ కడుతున్నారని కట్టాను. అంత లోతుగా ఆలోచించలేదు."

"పద్దుల అధిపతి ఆలోచించలేదు. పోనీ, ఈడిత్ ఆలోచించింది." ఫైల్లోంచి పసుపు కాగితం తీసి అతని వైపు తిప్పింది. పెన్సిలు రాత, చిన్న గుండ్రటి అక్షరాలు. వీధిలో పద్నాలుగు ఇళ్ళ పేర్లు, ప్రతి పేరు ఎదురుగా కట్టొచ్చు అనో, వద్దు అనో. అన్నిటికన్నా కింద: మా ఇల్లు, దండగ, గ్లెన్‌కి మంగళవారం చెప్పాను.

"పెళ్ళాం చెప్పిందల్లా వినాలా?" అన్నాడు గ్లెన్.

"వినక్కర్లేదు. కానీ కాళ్ళు మొద్దుబారే చలిలో, దమ్మిడీ లాభం లేని పనికి, సెలవు పెట్టుకుని మూడు గంటల నలభై నిమిషాలు నిలబడ్డారు. జన్మలో పలకరించని వాళ్ళకి కాఫీలు పోశారు. మీరు పన్ను కట్టడానికి వెళ్ళలేదు ఆస్ట్రాండర్ గారూ. నలుగురికీ కనబడడానికి వెళ్ళారు. ఆ టైములో ఇక్కడ ఏం జరుగుతుందో మీకు ముందే తెలుసు."

"మీకు మతి పోయింది."

"ఇంకొకటి. జనవరి రెండున మా ఆఫీసులో నన్ను కలవడానికి ఈడిత్ టైము అడిగింది. ఎందుకని అడిగితే మా గుమాస్తాతో ఒక్క ముక్క చెప్పింది. పోలీసు సహాయ నిధి. చనిపోయిన పోలీసుల పెళ్ళాం బిడ్డలకని ఊరంతా చందాలేసే నిధి. దాని కోశాధికారి మీరు."

ఈసారి గ్లెన్ మొహంలో రక్తం లేదు. తర్వాత అతను అన్న మాట, అనుకుని అన్నది కాదు. "నా ఒక్కడి సంతకంతో ఆ నిధిలో చెక్కు చెల్లదు. రెండు సంతకాలుండాలి."

"రెండోది ఎవరిది?"

వంటింటి వెనక తలుపు తెరుచుకుంది. ఎవరూ తట్టలేదు. చలిగాలితో పాటు లెఫ్టినెంట్ డ్వెయిన్ హోరాక్ లోపలికొచ్చాడు. ఆరడుగుల మనిషి, పెద్ద కోటు, బూట్లకి మంచు. చుట్టాలింటికి వచ్చినట్టు అల్యూమినియం ట్రేలో ఎవరో తెచ్చిపెట్టిన పాస్తా మీద మూత ఎత్తి చూసి, మళ్ళీ మూశాడు.

"గ్లెన్, నువ్వు పైకెళ్ళి నడుం వాల్చు," అన్నాడు. "వకీలుకి ఫోన్ చెయ్యి. ఈవిడతో ఇంకో మాట మాట్లాడకు."

గ్లెన్ లేచాడు. బెర్నడెట్ ఆపలేదు. అరెస్టు చెయ్యకుండా ఆపే హక్కు ఆమెకి లేదని ముగ్గురికీ తెలుసు. మెట్ల మీద అతని అడుగుల చప్పుడు ఆగాక హోరాక్ ఖాళీ అయిన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా బెర్నీ, పండగ పూట నీకు ఇంట్లో పని లేదా?"

"నా పేరు జలెస్కీ."

"నలభై మంది చూశారు వాణ్ణి. ఆ నలభై మందినీ నేనే విచారించి, అందరి చేతా రాయించుకున్నాను. కేసు మూసేశాక కూడా ఇంకా తవ్వుతావేంటి? జారి పడింది. నా రిపోర్టు అదే. మా చీఫ్ సంతకం కూడా పెట్టాడు."

"మంచి రిపోర్టు. గ్లెన్ మీద అనుమానం రాకముందే నలభై మంది సాక్షుల్ని పోగేశారు. ఇరవై మూడేళ్ళలో అంత చురుకైన పోలీసుని చూడలేదు."

హోరాక్ నవ్వాడు. కళ్ళు నవ్వలేదు. "నీ బాసుతో పొద్దున్నే మాట్లాడాను. నాలుగింటి దాకా టైమిచ్చాడట నీకు. ఈలోపు ఏమీ చూపించకపోతే శవాన్ని ఇచ్చేస్తారు. రేపు పొద్దున్నే దహనం. గ్లెన్ అన్నీ మాట్లాడుకున్నాడు. తర్వాత నువ్వు తవ్వుకోడానికి బూడిద తప్ప ఏమీ ఉండదు."

"అయితే నాకు టైము లేదు. మెట్లు చూడాలి. అడ్డం లేవండి."

"నా ఊరమ్మా ఇది."

"హత్య అయితే కౌంటీది, అంటే నాది. లేవండి."

అతను తీరిగ్గా లేచి, సెల్లార్ తలుపు తనే తీసి, పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె దిగాలంటే అతన్ని రాసుకుంటూ దిగాలి. బెర్నడెట్ అలాగే దిగింది. వీపు వెనక అతను ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడుతుంటే కమ్మీని గట్టిగా పట్టుకుంది.

పదమూడు మెట్లు. పైన దీపం వెలుగుతోంది. మెట్లకి రబ్బరు పట్టాలు కొట్టి ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు. కింద సిమెంటు నేల మీద సుద్దగీత. దాని పక్కన ప్లాస్టిక్ బుట్ట, అందులో బట్టలు. బుధవారం తీసిన ఫొటోల్లో ఎలా ఉందో అలాగే ఉంది. బట్టలు అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి.

ఆమె పై తువ్వాలు ఎత్తి వాసన చూసింది. సబ్బు వాసన. ఉతికిన బట్టలు.

"ఈవిడ బట్టలు తీసుకుని కిందికి దిగుతూ జారిందని రాశారు," అంది తలెత్తకుండా.

"బుట్ట కనబడ్డంలేదా?"

"ఉతికే మెషీను ఇక్కడే ఉంది. ఆరబెట్టే మెషీను ఇక్కడే ఉంది. ఉతికి మడతపెట్టిన బట్టలు పైకి వెళ్తాయి. మాసినవి కిందికొస్తాయి. మడతపెట్టినవి కిందికి ఎందుకు తెచ్చింది?"

పైన హోరాక్ బూటు కిర్రుమంది.

"మీ ఇంట్లో బట్టలెవరు ఉతుకుతారు లెఫ్టినెంట్ గారూ?"

"మా ఆవిడ."

"ఈ బుట్ట ఇక్కడ పెట్టినవాడింట్లో కూడా అంతే."

ఆమె పైకొచ్చేసరికి హోరాక్ తలుపు దగ్గరే ఉన్నాడు. ఈసారి దారి ఇవ్వలేదు. గొంతు తగ్గించాడు. "విను. నీకింకా రెండేళ్ళలో పెన్షనొస్తుంది. ఆర్థిక విభాగం నుంచి నిన్నెందుకు మార్చారో నాకు తెలుసు. ఎవడో పెద్దవాడి ఫైలు పట్టుకుని వదల్లేదు నువ్వు. ఇంకోసారి అలాంటి తప్పు చేస్తే బల్ల కూడా మిగలదు."

"బెదిరిస్తున్నారా?"

"చెప్తున్నాను."

"విన్నాను. తప్పుకో."

ఏకవచనం విని అతని దవడ బిగిసింది. గడియారం చూసుకున్నాడు. పదకొండు అయిదు. "నాలుగింటికి," అన్నాడు. వెనక తలుపు దడాలున మూసుకుంది. కారు స్టార్టయి వెళ్ళిపోయేదాకా బెర్నడెట్ అక్కడే నిలబడింది. సింకులో చన్నీళ్ళు తిప్పి మణికట్లు తడుపుకుంది.

తర్వాత పక్క గదిలోకి వెళ్ళింది.

చిన్న గది. కిటికీ కింద బల్ల, వచ్చినవాళ్ళకి ఒక కుర్చీ. బల్ల మీద రోజుకో పేజీ ఉన్న డైరీ. బుధవారం పేజీ లేదు. కుట్టు దగ్గర చిన్న చింపులు మిగిలాయి. నిన్న కూడా ఆమె అది చూసింది. ఆ పేజీలో వచ్చినవాళ్ళ పేర్లూ టైములూ ఉండి ఉండాలి. పది గంటలకి ఎదురింటి టకాక్స్ గారి భార్య వచ్చింది. పదిన్నరకి మూల ఇంటి కోర్బెట్. వాళ్ళిద్దరినీ నిన్ననే కలిసి, బిల్లులు చూసి రాసుకుంది. పదకొండు లోపే వెళ్ళిపోయామన్నారు ఇద్దరూ. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి తలుపు కొట్టింది ఎవరో ఆ చింపిన పేజీకి తెలుసు.

బల్ల కుడి చివర పాతకాలపు లెక్కల మెషీను ఉంది. మీట నొక్కితే కాగితం చుట్ట మీద అంకెలు అచ్చేసేది. ఈడిత్‌కి కంప్యూటర్ కూడా ఉంది కానీ, లెక్క మాత్రం దీని మీదే కట్టేదని ఐరిస్ చెప్పింది. చుట్ట కొస, కాగితం తెంపే పళ్ళ దగ్గర తెగి ఉంది. తెగిన ముక్క బల్ల మీద లేదు. చెత్తబుట్టలో లేదు.

బెర్నడెట్ మెషీను ముందుకూ వెనక్కీ జరిపి చూసింది. బల్లకీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు. కింద గదిని వెచ్చగా ఉంచే వేడినీటి గొట్టాల పెట్టె. ఆమె నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ దీపం వేసి, చెంప నేలకి ఆనించి చూసింది. గొట్టాల మీద తెల్లగా, చుట్టలు చుట్టుకుని ఏదో ఉంది. ఈడిత్‌కి ఒక్కో లెక్క అయ్యాక కాగితాన్ని తెంపి వెనక్కి తోసెయ్యడం అలవాటు కాబోలు. గొట్టాల మీద నెలరోజుల కాగితం పడి ఉంది.

తొడుగులు వేసుకుని, వంటింట్లోంచి తెచ్చిన పొడుగు పట్టకారుతో అన్నిటికన్నా పైనున్న మూడు ముక్కలు పైకి లాగింది. వేడికి కాగితం అంచులు కాస్త పసుపెక్కాయి. అంకెలు చెక్కుచెదరలేదు.

కింద ఉన్న ముక్క మీద మొదటి అంకె 3,102.17. నోటుబుక్కు చూసింది. టకాక్స్ వాళ్ళ ఇంటి పన్ను, ఒక కిస్తీ. సరిగ్గా అదే.

దాని మీద పడ్డ ముక్క, 2,790.05. కోర్బెట్ ఇల్లు.

అన్నిటికన్నా పైన పడ్డది మూడోది. 2,318.44. దాని కింద మళ్ళీ 2,318.44. మొత్తం 4,636.88. దాన్ని ఇరవై అయిదు శాతంతో గుణిస్తే 1,159.22. ఆ అంకె పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు.

ఆమె నేల మీదే కూర్చుండిపోయింది. వచ్చినవాడు బిల్లు పట్టుకుని వచ్చాడు. లోపలికి రానివ్వడానికి అంతకన్నా మంచి సాకు ఈ వారం లేదు. ఈడిత్ కూర్చోమంది. బిల్లు చూసి, రెండు కిస్తీలు కలిపి, అతను ఏ శ్రేణిలో పన్ను కడతాడో అడిగి, వెయ్యినూట యాభై తొమ్మిది డాలర్లు మిగులుతుంది, కట్టుకో అని టిక్కు పెట్టింది. ఆ తర్వాత పది నిమిషాలు కూడా బతికి ఉండదు. అతను డైరీలో పేజీ చింపుకుపోయాడు. బల్ల వెనక పడ్డ కాగితం సంగతి అతనికి తెలీదు.

పేరు చింపేశాడు. ఇంటి పన్ను మాత్రం సెంట్లతో సహా వదిలేసిపోయాడు.

టౌన్ హాల్ ఏడు నిమిషాల దూరం. మూడు కాగితాలూ పారదర్శక సంచిలో వేసుకుని పదకొండు నలభైకి బెర్నడెట్ అక్కడుంది. వరుస తలుపు దాటి, జెండా కర్ర దాటి, కార్లు పెట్టే చోటు దాకా పాకింది. లోపల ఇంకో వందమంది, కోట్లు విప్పడానికి చోటు లేక చెమటలు పోస్తూ, చేతుల్లో నంబరు చీటీలతో. ఆమె పక్కనుంచి ముందుకి నడుస్తుంటే మాటలు మొదలయ్యాయి.

"ఏమండీ, మేం మనుషుల్లా కనబడ్డంలేదా?"

"ఏడింటి నుంచి ఉన్నాం ఇక్కడ."

"నాకు మోకాలి ఆపరేషనైంది. నేనే వరుసలో ఉన్నాను."

అద్దం వెనక రెజీనా ప్లాట్నిక్, పద్నాలుగేళ్ళుగా ఊరి పన్నుల గుమాస్తా, కళ్ళెత్తకుండానే అంది: "శవం లేచొచ్చినా నంబరు తీసుకోవాల్సిందే మేడమ్."

బెర్నడెట్ బ్యాడ్జిని అద్దానికి ఆనించింది. రెజీనా చూసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది. మూడు రోజులుగా సరిగ్గా తిండి లేని మొహం. పక్కన సగం కొరికిన శాండ్‌విచ్.

"ఒక్క నిమిషం పని," అంది బెర్నడెట్, అద్దం కింద సందులోంచి వినబడేంత మెల్లగా. "ఊళ్ళో ఎవరింటి పన్నైనా ఎవరైనా చూడొచ్చు కదా?"

"చూడొచ్చు. రహస్యమేం కాదు. ఇంటి నంబరు చెప్పండి."

"ఇంటి నంబరు తెలీదు. డబ్బే తెలుసు. ఒక కిస్తీ రెండు వేల మూడొందల పద్దెనిమిది డాలర్ల నలభై నాలుగు సెంట్లు."

"ఆరు వేల ఇళ్ళున్నాయండీ."

"నలభై నాలుగు సెంట్లతో సహా కలిసేవి ఎన్నుంటాయి?"

రెజీనా నిట్టూర్చి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. వెనక జనం గొణుగుడు పెరిగింది. తెర మీద ఏదో తిరిగి ఆగింది.

"రెండు," అంది రెజీనా. "ఒకటి మిసెస్ ఆప్‌గార్. తొంభై ఒక్కేళ్ళు. అక్టోబరు నుంచి ఫ్లోరిడాలో కూతురింట్లో ఉంది. రెండోది..." ఆమె మొహం విప్పారింది. మూడు రోజుల్లో ఆమెకి దొరికిన మొదటి సులువైన పని అది. "అయ్యో, దీనికింత తిప్పలెందుకు. ఆయన ఇక్కడే ఉన్నాడు. ఇందాకే వచ్చి చీటీ తీసుకున్నాడు."

బెర్నడెట్ చెయ్యి ఎత్తేలోపు రెజీనా నంబర్లు పిలిచే మైకు మీట నొక్కేసింది.

"లెఫ్టినెంట్ హోరాక్. లెఫ్టినెంట్ డ్వెయిన్ హోరాక్. మీ ఇంటి పన్ను గురించి కౌంటీ డిటెక్టివ్ గారు అడుగుతున్నారు. మీ బిల్లు ఒకసారి ఇక్కడికి తెస్తారా?"

హాలు గోడలకున్న నాలుగు స్పీకర్లలోనూ ఆ మాట పలికింది.

నిధి చెక్కుల మీద రెండో సంతకం ఎవరిదో గ్లెన్ ఇక చెప్పక్కర్లేదు. బెర్నడెట్ తిరిగి చూసింది. వరుసకి అటు చివర, నీళ్ళ కుళాయి పక్కన, అందరికన్నా ఒక తల ఎత్తుగా అతను కనబడ్డాడు. ఎడమ చేతిలో నంబరు చీటీ, దానితో కలిపి మడిచిన బిల్లు. వెయ్యినూట యాభై తొమ్మిది డాలర్లు మిగులుతాయని ఈడిత్ చెప్పింది. ఆవిడ లెక్క తప్పదని ఊళ్ళో అందరికీ నమ్మకం. అతనికి కూడా. చంపి రెండు రోజులైనా ఆవిడ సలహా వదులుకోలేదు.

అతను మైకు వైపు చూడలేదు. బెర్నడెట్ చేతిలోని పారదర్శక సంచి వైపు చూశాడు. అందులో చుట్టచుట్టుకుని ఉన్న తెల్ల కాగితం మీది అంకెలు ఆ దూరం నుంచి చదివేలా ఉండవు. చదవక్కర్లేదు. తన బిల్లు లెక్కకి ఆ మెషీను టకటకలాడుతుంటే ఆ గదిలో కూర్చుని విన్నాడతను.

"రెజీనా," అంది బెర్నడెట్, కళ్ళు అతని మీదే ఉంచి. "మీ దగ్గర రసీదుల మీద టైము ముద్ర వేసే మెషీనుంది కదా."

"ఉందండీ, ఎందుకు?"

"నేనిచ్చే సంచి తీసుకోండి. తెరవద్దు. ఒక కాగితం మీద నా పేరు, 'సాక్ష్యం' అని రాసి, దాని మీద ముద్ర కొట్టి, రెండూ కలిపి నగదు పెట్టే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. మా ప్రాసిక్యూటర్ స్వయంగా వస్తే తప్ప ఎవరికీ ఇవ్వకండి. యూనిఫారంలో ఎవరొచ్చినా సరే."

రెజీనా మొహంలో నవ్వు ఆరిపోయింది. అయినా పద్నాలుగేళ్ళ అలవాటు చేతుల్లో ఉంది. సంచి సందులోంచి లోపలికి పోయింది. మెషీను ఠక్కుమంది. డిసెంబరు 29, పదకొండు యాభై రెండు. ఇనప్పెట్టె తలుపు పడిన చప్పుడు బెర్నడెట్ చెవిలో పడింది.

హోరాక్ నడవడం మొదలుపెట్టాడు. తొందర లేదు. కుడి చెయ్యి కోటు లోపలికి పోయింది. పోయిన చెయ్యి బయటికి రాలేదు. బెర్నడెట్ తన కోటు గుండీ విప్పుకుంది. వాళ్ళిద్దరి మధ్యా వందమంది ఉన్నారు. చేతికర్రల వాళ్ళూ, చంటిపిల్లల్ని ఎత్తుకున్న వాళ్ళూ, ఆర్గాన్ ఆయన లాంటి వాళ్ళూ. తుపాకీ తియ్యలేదామె. అతను తీస్తాడో లేదో తెలీదు.

"కాస్త జరగండమ్మా," అంటున్నాడు హోరాక్, ఎప్పుడూ ఊళ్ళో మాట్లాడే మంచి గొంతుతో. "కాస్త దారివ్వండి. పోలీసు."

పొద్దుటి నుంచి ఎవరికీ అంగుళం చోటివ్వని జనం, ఆ మాటకి నవ్వుతూ రెండుగా చీలి, అతనికి ఆమె దాకా తిన్నగా దారి వదిలారు.